కారెక్కిన ఏడు గుడ్లు

శంషాబాద్ నుంచి ఇందిరమ్మను కదిలించడం ఎవరి తరమూ కాదు. పెళ్లికి పిలిచినా పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది. "కోళ్లను గంప కింద కమ్మాలె" అంటుంది. వినేవాళ్లకు అది సాకు. ఆమెకు కాదు. విమానాశ్రయం కోసం భూములు తీసుకున్నప్పుడు వాళ్ల ఊరు పోయింది. ఇల్లూ చేనూ అందులోనే పోయాయి. అక్కడి నుంచి ఆమె నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నది ఒక్క కోళ్ల గంప. వాటి పిల్లల పిల్లలే ఇన్నేళ్లూ ఆమె వాకిట్లో తిరిగాయి.

ఈ ఎండాకాలం తెగులొచ్చి కోళ్లన్నీ ఊడ్చుకుపోయాయి. మిగిలిన ఒక్క పెట్ట పొదుగుతుండగా కుక్క ఎత్తుకుపోయింది. దాని కింద ఏడు గుడ్లు మిగిలాయి. అవి పిల్లలు కాకపోతే ఆ ఊరి కోడి ఇక లోకంలో లేనట్టే.

కోడలు జూలీ గుడ్లు పొదిగే కరెంటు డబ్బా తెప్పించింది. అంతలో తమిళనాడులోని వేలంకన్ని మాత గుడికి ప్రయాణం ముంచుకొచ్చింది. కొడుకు జాన్ పాల్ సొంత కారు కొంటే ఇంటిల్లిపాదీ మాత దగ్గరికి వస్తామని మొక్కుకున్నది ఇందిరమ్మే. ఇప్పుడు రానంటే ఎలా? గుడ్లు చూసుకుంటానని పొరుగింటి అనంతయ్య అన్నాడు. చూసుకుంటాడు, ఆమ్లెట్ అయ్యేదాకా!

"అమ్మా, గా డబ్బా కార్ల గూడ నడుస్తది. చార్జింగ్ పాయింట్‌కు పెడితే అయిపాయె" అన్నాడు జాన్ పాల్.

పాయింట్ ఒక్కటే ఉంటే, దాన్ని మూడు చేసే ముక్క తగిలించాడు. ఒకదానికి గుడ్ల డబ్బా, ఒకదానికి జూలీ ఫోన్. మూడోది ఖాళీగా ఉందన్న సంగతి జయశీలన్ కంట పడింది. ఇందిరమ్మ మొగుడాయన. చాయ్ లేనిదే ఆయనకు పొద్దు పొడవదు. కారులో నీళ్లు కాచే కెటిల్ ఒకటి ముందే కొని, సంచిలో దాచి తెచ్చుకున్నాడు.

జడ్చర్ల దాటాక ఆయన చప్పుడు చేయకుండా దాన్ని తగిలించాడు. టప్‌మని ఫ్యూజు పోయింది. ఫోన్ చార్జింగ్ ఆగింది, గుడ్ల డబ్బాలో దీపం ఆరింది.

"ఏమయ్యా, ఏం జేసినవ్?"

"జర చాయ్..."

"నీ చాయ్‌ల మన్నువడ! ఏసీ బందు జెయ్యి బిడ్డా. అద్దాలెక్కియ్యి."

నాలుగు గుడ్లు ఆమె కొంగులోకి వెళ్లాయి. మూడింటిని తువ్వాల్లో చుట్టి మొగుడి అంగీ గుండీలు విప్పి లోపలికి తోసింది. "కదిలినవో, చూడు మరి! గిన్నేండ్లు పెంచిన పొట్ట ఇయ్యాల అక్కరకొచ్చింది."

ఆయన ఊపిరి కూడా అడిగి తీసుకుంటున్నట్టు కూర్చున్నాడు. కర్నూలుదాకా కారంతా కోడిపెట్ట అయింది. అందరూ చెమటతో తడిసిపోయారు. ఇందిరమ్మ మాత్రం ఒక్కో గుడ్డూ తీసి కంటి రెప్పకు ఆనించి వెచ్చదనం చూసుకుంటూనే ఉంది. తాత అవతారం చూసి కిసకిసలాడుతున్న మనవరాలు క్యాథరిన్, అది చూసి నవ్వు ఆపేసింది.

కర్నూలులో కొత్త ఫ్యూజు పడింది. ఇక ఆ పాయింట్ గుడ్లకే అని తీర్మానమైంది. జాన్ పాల్ దారి చూసుకోవడానికి పొదుపుగా వాడే ఫోన్ తప్ప, మిగతావన్నీ చార్జింగ్ లేక ఆరిపోయాయి. ఏమీ తోచక క్యాథరిన్, "మీ ఊరు ఎట్లుండె నానమ్మా?" అని అడిగింది. అంతే, ఆ రోజూ మర్నాడూ ఇందిరమ్మ నోరు మూతపడలేదు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఎవరి బావిలో నీళ్లు తియ్యనో, జయశీలన్ పెళ్లిచూపులకొచ్చి ఏ కుక్కకు భయపడి గోడెక్కాడో, అన్నీ చెప్పింది. మారాం చేయకుండా విన్న మనవరాలిని చూసి జూలీయే ఆశ్చర్యపోయింది. జయశీలన్ మాత్రం దిగులుగా ఉన్నాడు. గుడ్లు పిల్లలై ఇల్లు చేరేదాకా చాయ్ ముట్టనని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు మరి.

వేలంకన్నిలో కారు ఆపారో లేదో, డబ్బాలోంచి కిచకిచ వినిపించింది. ఏడింటిలో నాలుగు పిల్లలయ్యాయి. ఇందిరమ్మ కళ్లు తుడుచుకుంటూ గుడిలోకి నడిచింది. మొక్కు తీర్చడానికి వచ్చిన మనిషి, ఇంకోసారి రుణపడి బయటికొచ్చింది.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్ దగ్గర పడింది. విమానాశ్రయం గోడ కనిపించగానే ఇందిరమ్మ కారు ఆపించింది. ఒక పిల్లను అరచేతిలో పెట్టుకుని అద్దం దించింది. నెత్తి మీదుగా విమానం ఒకటి గోడ అవతల దిగింది.

"ఇది తమిళనాడుల పుట్టింది గద నానమ్మా. మరి దీనిది ఏ ఊరంటం?" అంది క్యాథరిన్.

"గా గోడ లోపలిది బిడ్డా" అంది ఇందిరమ్మ. ఆ పిల్లను గోడ వైపు చాలాసేపు పట్టుకుంది. ఇల్లు ఇక అల్లంత దూరమే. పిల్లను కొంగులో పెట్టుకుని, ఇటు తిరిగి మొగుడి మొహం చూసింది. చాయ్ లేక వాడిపోయి ఉంది పాపం. ఆమె, ఇన్నాళ్లూ పిల్లలను వెచ్చగా ఉంచిన గుడ్ల డబ్బా వైరు తనే పీకేసి, సంచిలోంచి కెటిల్ తీసి, తన చేత్తోనే తగిలించింది.