ఏడుపు విన్నవారు

ఈ సంగతి ఇంతకాలం రాయకపోవడం తప్పే. కానీ నేను చేసిన తప్పుల్లో అది మొదటిది కాదు. పోయిన నెలలో చేసిన మరో తప్పు వల్ల ఇప్పుడు రాయక తప్పడం లేదు. మా ఊరి చర్చిలో సంఘపెద్దలు సమావేశమయ్యారు. ఒక యువ దంపతులకు ఏడవ నెలలో కాన్పయి బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డను సమాధుల తోటలో, ప్రహరీ లోపల పెట్టుకోనివ్వమని వారు అడిగారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు చిన్నవాడు, మెత్తనివాడు. "తాతగారూ, ఇదివరకు మన సంఘంలో ఇలాంటిది ఎప్పుడైనా వచ్చిందాండీ?" అని, అందరిలోకి పెద్దవాణ్ణని నన్ను అడిగారు. "రిజిస్టరులో లేదు" అన్నాను. అది అక్షరాలా నిజం. ఎందుకు లేదో నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పూర్వం జరిగిన దాఖలా లేదు గనుక వీలుపడదని తీర్మానించి, ఆ బిడ్డను ఊరి బయట పోరంబోకు స్థలంలో పెట్టించారు. వెళ్తూ వెళ్తూ ఆ తండ్రి నాకు నమస్కారం కూడా చేశాడు. ఆ నమస్కారం నాకు అరగలేదు.

యాభైల చివరి సంవత్సరాల మాట. బందరులో బి.ఏ. ముగించి, చల్లపల్లిలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతూ, మోపిదేవి అవతల ఉన్న మా ఊరి నుంచి రోజూ సైకిలు మీద వెళ్ళి వచ్చేవాణ్ణి. పాతికేళ్ళు నిండకుండానే సంఘ కార్యదర్శినయ్యాను. కారణం భక్తి కాదు, దస్తూరి. అంతకుముందు చర్చి రిజిస్టరు పచారీ కొట్టు చిట్టాలాగా ఉండేది. బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ సమాధులూ ఒకే పేజీలో కలిసి కాపురం చేసేవి. నేను వచ్చి ఎర్రసిరాతో గళ్ళు గీశాను, వరుస సంఖ్యలు వేశాను, పదకొండు నియమాలు రాసి మొదటి పేజీలో అంటించాను. కన్నతల్లి దగ్గర కూడా సంతకం తీసుకున్నానని ఊళ్ళో నవ్వుకునేవారు. అది అతిశయోక్తి. అమ్మకు సంతకం రాదు, వేలిముద్ర తీసుకున్నాను.

ఆ పదకొండింటిలో ఏడవ నియమం ఇది: ప్రహరీ లోపల స్థలము పొందుటకు, శిశువు సజీవముగా జన్మించి ఏడ్చినట్లు సంఘ సభ్యులైన ఇద్దరు ధ్రువపరచవలెను. ఈ వాక్యం నేను మూడు చిత్తులు రాసి తేల్చినది. ప్రాణం ఎప్పుడు పడుతుందో దేవుడికి తెలుసు. మనిషిగా ఎప్పుడు లెక్కకు వస్తాడో మాత్రం ఎవరో ఒకరు గీత గీసి చెప్పాలి కదా అనుకున్నాను. గీతలు గీయడంలో నేను చెయ్యి తిరిగినవాణ్ణి.

మా అక్కకు పెళ్ళయిన తొమ్మిదేళ్ళ వరకు కడుపు పండలేదు. బావ పంటకాలువ మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, ఎవరూ గట్టు తెగ్గొట్టకుండా పొద్దున్నా సాయంత్రమూ నడిచి చూసుకోవడం ఆయన ఉద్యోగం. పదవ ఏట అక్కకు నెల తప్పింది. మా వీధి చివర ఉండే మంత్రసాని, హిందువుల ఆవిడ, మా అక్కచెల్లెళ్ళకూ నాకూ బొడ్డు కోసిన మనిషి, పరుగున వచ్చి "మోపిదేవిలో నీ పేరున నేనే మొక్కానే, పుట్టలో పాలు పోసొచ్చా" అన్నది. అమ్మ ఊరుకోలేదు. "నీ పాలు పాము తాగిందో లేదో నాకు తెలీదుగానీ, మేము తొమ్మిదేళ్ళు మోకాళ్ళ మీద ఉన్నాం" అన్నది. ఈ తగవు నెలల తరబడి నవ్వుతూనే నడిచింది. గ్రహణం నాడు అమ్మ అక్కను కదలకుండా పడుకోబెట్టింది. ఇది మన నమ్మకం కాదు కదా అని నేను మందలిస్తే, "మనం నమ్మం. కానీ లోపలున్నదానికి ఇంకా బాప్తిస్మం అవలేదుగా, దాని సంగతి మనకేం తెలుసు?" అన్నది. అక్క రోజూ ఆ కడుపుతో మాట్లాడేది. కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా అడిగేది. ఆ ఎనిమిది నెలలూ ఆ బిడ్డ మనిషి కాదన్న అనుమానం మా ఇంట్లో ఎవరికీ కలగలేదు. ఇద్దరు దేవుళ్ళ తరఫున హక్కుదారులు కూడా ఉన్నారు.

ఎనిమిదవ నెలలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పుట్టింట్లో ఉండగానే అక్కకు నొప్పులు వచ్చాయి. బందరు ఆసుపత్రికి తీసుకుపోవడానికి బస్సు లేదు. మంత్రసాని లోపల ఉన్నది; అమ్మ తడికకు ఇవతల వసారాలో నీళ్ళు కాస్తున్నది. నేను బడి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డను పాత చీర ముక్కలో చుట్టి చాటలో ఉంచారు. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అయ్యగారు, అంటే అప్పటి మా పాస్టరుగారు, గొడుగు మడుస్తూ అరుగెక్కుతున్నారు. లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది: "తమ్ముడూ, నాయన పక్కన పెట్టించరా." మా నాన్నగారి సమాధి ప్రహరీ లోపల, తూర్పు మూల ఉన్నది.

నేను తడిబట్టలు మార్చుకోలేదు. రిజిస్టరు తెప్పించి, అరుగు మీద కూర్చుని, కలం మూత తీశాను. సొంత అక్క కాబట్టి ఎక్కువ కచ్చితంగా ఉండాలనిపించింది. ఇది న్యాయమని అప్పుడు నమ్మాను. ఇప్పుడు దానికి ఏ పేరు పెట్టాలో తెలియదు.

"ఏడ్చిందా?" అని మంత్రసానిని అడిగాను.

"మూలిగింది పంతులుగారూ. పిల్లికూనలాగా, ఒక్కసారి."

"మూలుగు వేరు, ఏడుపు వేరు."

"ఎనిమిదో నెల బిడ్డకి ఎంత గొంతుంటాదండీ? ఆ మూలుగే దాని ఏడుపు" అన్నది. అన్నాక నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు పుట్టినప్పుడూ గట్టిగా ఏడవలేదు బాబూ. వీపు మీద నాలుగు వేస్తేగాని నోరు విప్పలేదు" అన్నది.

అయ్యగారు నవ్వబోయి, నా ముఖం చూసి మానుకున్నారు. మంత్రసాని సంఘ సభ్యురాలు కాదు. ఆమె మాట చెల్లదని చెప్పాను. లోపలి నుంచి అక్క "ఏడ్చిందిరా, నా చెవులతో విన్నాను" అన్నది. అక్కను ఒక సాక్షిగా లెక్కించాను. ఇంకొకరు కావాలి. తడికకు ఇవతల, పది అడుగుల దూరంలో, పొయ్యి దగ్గర కూర్చున్నది అమ్మ.

"అమ్మా, నీకు ఏడుపు వినబడిందా, లేదా? ఒక్క మాటలో చెప్పు."

అమ్మ నా చేతివైపు చూసింది. "లేదు" అన్నది.

అయ్యగారు నా చెవి దగ్గరకు వంగి, "రాసెయ్ బాబూ, ఎవరడుగుతారు?" అన్నారు. ఒకరికి సడలిస్తే రేపు అందరూ అడుగుతారని బదులు చెప్పాను. ఆయన తెల్లవారి ప్రార్థన చేయడానికి మాత్రం వస్తానని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. బావ ఒక్క మాటే అన్నాడు: "నువ్వు రాసినా రాయకపోయినా మొయ్యాల్సింది నేనేగా బావమరిదీ." మర్నాడు పొద్దున్నే కాలువ గట్టు మీద ఆయనే గొయ్యి తవ్వాడు. గట్టు తవ్వితే కేసు పెడతామని ఊరందరికీ చెప్పే మనిషి ఆయన. పురిటి మంచం మీద ఉన్న అక్క ఆ చోటు చూడలేదు. చూడగలిగే నాటికి గట్టు వెడల్పు చేయడానికి మట్టి తవ్వి, కొత్త మట్టి పోశారు. బావ మాత్రం రోజుకు రెండుసార్లు ఆ దారినే నడిచాడు, ఉద్యోగం అటువంటిది.

ఆ వారంలోనే మా బడి తెలుగు పండితుడు, గొప్ప హాస్యప్రియుడు, సంగతి విని నా పక్కన కూర్చున్నాడు. "మాస్టారూ, మీరేం దిగులుపడకండి, మా వాళ్ళూ ఇంతే. మావాడికి ఒడుగు ఎనిమిదో ఏట చేశాను. ఆ ఎనిమిదేళ్ళు ఎక్కణ్ణుంచి లెక్కనుకున్నారు? తల్లి కడుపులో పడ్డ రోజు నుంచి. అంతకుముందు ఒకడు పుట్టి ఆరో రోజున పోయాడు. వాడికి కర్మలు లేవన్నారు, పూడ్చి రమ్మన్నారు. జంధ్యానికైతే కడుపులోనే మనిషి, చావుకైతే పుట్టినా కాడు. శాస్త్రం ఎంత తెలివైందో చూశారా!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన నవ్వడం ఆపాక కూడా చాలాసేపటి దాకా కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పుడు నాకు అర్థమయింది, గీతలు గీసినది నేనొక్కణ్ణే కాదని. అది ఊరటగా ఉండవలసింది, ఉండలేదు.

ఏడెనిమిదేళ్ళు గడిచాయి. నేను గుడివాడకు మారాను. అమ్మ నా దగ్గరకు వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, ఏ ప్రస్తావనా లేకుండా, "నేను విన్నాన్రా" అన్నది.

"ఏమిటి?"

"అక్క బిడ్డ ఏడుపు. తడిక ఇవతలికి బాగానే వినబడింది."

మరి ఆ రోజు లేదని ఎందుకు చెప్పావని అడిగాను. గొంతు పెంచే ఉంటాను.

"ఇదిగో, ఇట్లాగే అడిగావు ఆ రోజూనూ. కలం పట్టుకుని, పోలీసు అమీనులాగా. ఏడ్చిందంటే, ఏడ్చిన బిడ్డని ఎందుకు బతికించలేకపోయారు, ప్రాణం ఉండగానే బాప్తిస్మానికి అయ్యగారిని ఎందుకు పిలవలేదు, ఎవరిది తప్పు అని కిందనే రాస్తావనుకున్నాను. అక్క పేరు రాస్తావో, ఆ ముసల్దాని పేరు రాస్తావో, నా పేరే రాస్తావో. భయమేసింది నాయనా." అని మళ్ళీ చిక్కుడుకాయల్లో పడింది.

మరుసటి వారం మా ఊరు వెళ్ళాను. రిజిస్టరు అప్పటికి వేరొక కార్యదర్శి చేతిలో ఉన్నది. నా దగ్గర చదువుకున్నవాడే. విషయం చెప్పి, వరుస సంఖ్య వేసి రాయమన్నాను. వాడు ఎంతో వినయంగా మొదటి పేజీ తిప్పి చూపించాడు. తొమ్మిదవ నియమం: సంవత్సరము గడచిన పిమ్మట ఎట్టి నమోదునూ చేయరాదు. "మీరు రాసిందేనండి మాస్టారూ" అన్నాడు. దస్తూరి చాలా బాగుంది.

అక్కడి నుంచి అవనిగడ్డ దగ్గర లాకుల మీద ఉన్న అక్క దగ్గరకు వెళ్ళాను. వారికి మళ్ళీ పిల్లలు కలగలేదు. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. అమ్మ చెప్పినదంతా చెప్పాను. తలెత్తకుండానే విన్నది.

"ఆ రోజు నువ్వు ఎన్ని ప్రశ్నలడిగావో నాకింకా గుర్తేరా" అన్నది. "ఆడపిల్లా, మగపిల్లాడా అని అడగలేదు."

నేను అడగలేదు. ఆ గడి కూడా రిజిస్టరులో ఉన్నది, నేనే గీశాను. అప్పుడు అడిగాను.

"ఆడపిల్ల" అన్నది అక్క. చాట పక్కన పెట్టి లేచింది. "కాఫీ పెడతాను, తాగి వెళ్ళు. ఆఖరి బస్సు అందదు మళ్ళీ."

క్షమించమని అడగలేదు. కాఫీ తాగి బస్సెక్కాను. ఆ తరువాత అక్కా నేనూ ఎన్నో పెళ్ళిళ్ళలో కలుసుకున్నాం, మర్యాదగా మాట్లాడుకున్నాం. ఆ మాట మాత్రం ఎత్తలేదు. రిటైరయ్యాక నేను మళ్ళీ మా ఊరే చేరాను. మనిషి ఎక్కడ మొదలవుతాడన్న ప్రశ్నకు నాకు ఈ వయసులోనూ సమాధానం తెలియదు. చదువుకున్నవారు వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. తెలియని చోట గీత గీసి, దానికి అవతల నా మేనకోడలిని పడుకోబెట్టానని మాత్రం తెలుసు. పోయిన నెలలో, నోరు విప్పవలసిన చోట విప్పక, మరొకరి బిడ్డనూ పడుకోబెట్టాను. ఈ కాగితం ఒక ప్రతి పాస్టరుగారికి, ఒక ప్రతి ఆ తండ్రికి పంపుతున్నాను.

రాసినదానిలో పొరపాట్లు ఉండవచ్చు. ఏడవ నియమం ఐదవదై ఉండవచ్చు. ఆ ముసురు ఏ మాసానిదో, గట్టు వెడల్పు చేసినది ఏ ఏడాదో నాకు నిశ్చయంగా గుర్తు లేదు. ఆ ప్రాంతపు పెద్దలెవరైనా చదివితే దయచేసి దిద్దండి, కృతజ్ఞుణ్ణి. బిడ్డ ఏడ్చిందన్న ఒక్క మాట మాత్రం దిద్దవద్దు. దానిని విన్నవారు ముగ్గురు, ముగ్గురూ వెళ్ళిపోయారు. కాలం సాక్షులందరినీ తీసుకుపోయి, విననివాణ్ణి ఒక్కణ్ణి మిగిల్చింది.