సముద్ర దోసకాయ పేరు కోసం కృష్ణపట్నం

బుజ్జులూ, నీ సీసా తీసుకుని నిన్న కృష్ణపట్నం వెళ్ళివచ్చానమ్మా.

చదివేవాళ్ళకు సంగతి చెప్పాలి. మా అమ్మాయి నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం చదివేది. కాలేజీవాళ్ళతో రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు, పగడపు దిబ్బల దగ్గర దొరికిన సముద్ర దోసకాయ అనే జీవిని స్పిరిట్‌లో వేసి తెచ్చింది. అందులో అది ఏ జాతో తెలియక, సీసా మీద "పేరు తెలియదు" అని చీటీ అంటించింది. ఆ పేరు కనుక్కోకముందే విషజ్వరం మా అమ్మాయిని తీసుకుపోయింది. సముద్ర జీవుల గురించి తెలిసిన మాస్టారొకరు కృష్ణపట్నంలో మకాం ఉన్నారని విని, ఆ పేరైనా నేను రాయించాలనుకున్నాను.

మనుబోలులో ఆరు గంటల బస్సు ఎక్కితే ఏడున్నరకు నెల్లూరు. అక్కడి నుంచి ముత్తుకూరుకు ఇంకో బస్సు, టికెట్ అర్ధరూపాయి. ముత్తుకూరులో దిగి ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. బండి అతను నా ఒళ్ళోని సీసాను చూసి ఊరుకోలేదు.

"ఏందక్కా, వంకాయ ఊరేసినావా? రేవులో కూరకు కరువనుకున్నావా?"

"నోర్మూసుకొని తోలు. అది మా పాప చదువు."

ఆ తర్వాత అతను గుంటలు తప్పించి నిదానంగా తోలాడు.

పదకొండుకు చేరాను. మాస్టారు రేకుల షెడ్డులో ఉన్నారు. సీసాలోని జీవి తోలు రవ్వంత కోసి, మందులో వేసి, మైక్రోస్కోపులో చూశారు. మళ్ళీ కోశారు, మళ్ళీ చూశారు. చివరికి సీసా వాసన చూశారు.

"ఇందులో ఏం పోసినారమ్మా?"

"నిమ్మరసం నాయనా. స్పిరిట్ ఆరిపోయింది, మా ఊళ్ళో దొరకదు. కుళ్ళిపోతుందని గూడూరు కాయలు తెప్పించి మునిగేదాకా పోసినాను."

ఆయన కళ్ళద్దాలు తీశారు. "దీని తోలులో కంటికి కనపడని సున్నపు ఎముకలు ఉంటాయి. వాటి ఆకారం చూసే ఏ జాతో చెప్తాం. పులుపుకు అవి కరిగిపోయినాయమ్మా."

"ఒక్కటన్నా లేదా?"

"లేదు." సీసా మీది చీటీ చూసి, "ఏదో ఒక పేరు రాసియ్యమంటారా?" అన్నారు.

"వద్దు నాయనా. తెలియనిదాన్ని తెలియదనే రాసుకుంది మా పాప. అట్నే ఉండనీ."

సీసా తెచ్చిన రోజు మా పాప నన్ను పిలిచింది. "అమ్మా, దీని తోలులో ఏముంటుందో చెప్తా, రా" అంది. ఎసరు మరుగుతోంది, తర్వాత చూద్దాంలే అన్నాను. రెండు నిమిషాలు దాని పక్కన కూర్చుని ఉంటే, ఆ నిమ్మకాయలు కోసేదాన్నే కాదు. కాపాడాలనుకుని నా చేతులతో నేనే చెరిపేశాను.

మీరు అటు వెళ్ళేటట్టయితే ముత్తుకూరులోనే అన్నం తినేయండి. రేవులో మధ్యాహ్నం దాటితే టీ తప్ప ఏమీ దొరకదు, తిరుగు బండి మూడింటికి గానీ రాదు. మనసులో ఎంత దిగులున్నా సరే, వేళకు కడుపునిండా తినండి.