కర్రిగాడి మెడకు నేను చేసిన పట్టా

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే ఒప్పుకుంటాను. ఒక కుక్కనూ ఒక పొట్టేలునూ కలిపి బిగించేశాను. కావాలని చేయలేదు. కావాలని చేసినా అంత గట్టిగా బిగించగలిగేవాణ్ణి కాదు. ఆ రెండూ కలిసి చేసిన ప్రయాణంలో గొర్రెల మందకు మంద చెదిరిపోయింది, ఆరబోసిన మిర్చి తొక్కుడుపడింది, ఒక పల్లె పల్లెంతా పొద్దు గూకేదాకా తుమ్మింది. ఎవరిని బెదిరించాలని ఇదంతా మొదలుపెట్టానో ఆ చిరుతపులి ఒక్కటే గుట్ట మీద హాయిగా ఎండ కాచుకుంటూ ఉండి ఉంటుంది.

డెబ్బైల చివరి రోజులవి. కాజీపేట లోకో షెడ్డులో నేను ఫిట్టర్ని. బొగ్గింజన్లు ఇంకా నడుస్తున్నాయి, నాకు కొత్తగా పెళ్లయింది. నట్టు, బోల్టు, స్పానరు తెలిసినవాడికి లోకంలో తెలియనిదంటూ ఉండదని నా గట్టి నమ్మకం. అత్తగారి ఊరు మరిపెడ అవతల, గుట్టల కింద ఒక పల్లె. మామ బీరయ్యది గొర్రెల మంద. గొంగళ్లు నేయడానికి పనికొచ్చే, ఒత్తుగా బొచ్చున్న నల్ల గొర్రెలు. ఆ బొచ్చు సంగతి కాస్త మనసులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆ యేడు గుట్టల మీదికి ఒక చిరుత చేరింది. తెలివైన జంతువు. ముందు కాపలా కుక్కను ఎత్తుకుపోతుంది, ఆ తర్వాత తీరిగ్గా గొర్రె కోసం వస్తుంది. మామ కుక్కలు ఒక్కొక్కటే పోయి, చివరికి కర్రిగాడొక్కడే మిగిలాడు. బొగ్గులా నల్లటి కుక్క, ఊళ్లో అందరికీ దోస్తు.

నేనూ నా భార్యా వెళ్లేసరికి మామ గడప మీద దిగాలుగా కూర్చున్నాడు.

"ఫారెస్టు జంగ్లాతోళ్లు వచ్చి చూసిపోయిండ్రు అల్లుడా. పులిని చంపితే జైలే అన్నరు. దొడ్డి చుట్టు మంట ఏసుకోండ్రి అన్నరు."

"ఏసినవా మామా?"

"ఏసిన. పొద్దున లేచి చూస్తే మంట పక్కనే పులి అడుగులున్నయ్. చలి కాగి పోయినట్టున్నది."

"ఇగ ఏం చేస్తవ్?"

"ఏమున్నది. ఈ కర్రిగాడు గూడ పోయిండంటే మందను అమ్ముకునుడే. కుక్క లేని మందను ఎన్ని దినాలు కాపాడుత?"

తాతల నాటి మంద. ఆ మాట అన్నాక మామ నా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. నాకు గుండె కలుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ కలుక్కు పక్కనే నా ఫిట్టర్ బుద్ధి కూడా కళ్లు తెరిచింది.

"పులి కుక్కను మెడకాడనే పట్టుకుంటది గద మామా?"

"మెడనే."

"అయితే ఫికర్ చేయకు. మెడ సంగతి నేను చూసుకుంట."

కాపలా కుక్క మెడకు మేకుల పట్టా కట్టడం నేను కనిపెట్టిందేమీ కాదు. పట్టాకు మేకులు నిటారుగా నిలబడి ఉంటాయి. పులి నోరు పెడితే గుచ్చుకుంటాయి, వదిలేస్తుంది. అక్కడితో ఊరుకుంటే మీకు ఈ కథ ఉండేది కాదు. కాజీపేట తిరిగి వెళ్లి, పాతినుప కొట్లో పట్టీ ముక్క కొని, సానబెడుతూ నేను ఆలోచించాను. వదిలేస్తే ఏం లాభం, మళ్లీ వస్తుంది కదా. ఒకసారి కరిచిన పులి వదలాలన్నా వదలలేకపోవాలి. కాబట్టి ప్రతి మేకు మొననూ కొక్కెంలా వంచాను. పట్టా రెండు చివరలనూ బోల్టుతో కలపాలని, బిగించాక ఊడకుండా చూడాలని అనుకున్నాను. ఊడిన నట్టు వల్ల రైలు ఏమవుతుందో తెలిసినవాణ్ణి మరి.

నా భార్య పూలమ్మ ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి చూసింది.

"పులి వదలకపోతే కుక్క గతేంది?"

"నీకు తెల్వదు, ఊకో."

"నాకు తెల్వకనే అడుగుతాన. రెండు కలిసి యాడికి పోతయ్?"

జవాబు దొరకలేదు. దొరకనప్పుడు మగవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. సంచి సర్దుకొని బస్సెక్కాను. పూలమ్మ కూడా వెనకే ఎక్కింది.

లీవు పెట్టి అత్తగారింటికి పోయి, కర్రిగాడి మెడకు పట్టా వేసి, నట్టు బిగించాను. ఊడదీసే పని పడదు కాబట్టి బోల్టు చివరను సుత్తితో అణగ్గొట్టాను. కర్రిగాడు పాపం తోక ఊపుతూనే ఉన్నాడు. పెళ్లికొడుకు దండ వేయించుకున్నట్టు వేయించుకున్నాడు.

మామ సంబరం చెప్పనలవి కాదు. కుక్కను వెంటబెట్టుకొని ఊరంతా తిరిగాడు.

"మా అల్లుడు చేసిండు. ఇంజన్లు బాగుచేసే చెయ్యి."

"మరి కూత గూడ పెడ్తదా?" అన్నాడు చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న ఒక ముసలాయన. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పనితనం తెలియనివాళ్లతో మనకేంటని ఊరుకున్నాను.

తెల్లారింది. మామ దొడ్డి తడిక తీశాడు. ముందుగా పెద్ద పొట్టేలు బయటికి వచ్చింది. అది ఎటు పోతే మంద అటు పోతుంది. ఆ పొట్టేలుకూ కర్రిగాడికీ చిన్ననాటి నుంచి స్నేహం. రోజూ పొద్దున్నే ఒకరి మెడ ఒకరికి రాసుకోవడం వాళ్ల నమస్కారం. ఆ రోజూ రాసుకున్నారు. కొక్కేలన్నీ బొచ్చులో దిగాయి. ఇంజన్ వచ్చి వ్యాగన్‌కు తగిలినప్పుడు వచ్చే చప్పుడొక్కటి రాలేదు కానీ, అంత చక్కటి కప్లింగ్ నా ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

కర్రిగాడు వెనక్కి లాగాడు. పొట్టేలు ముందుకు లాగింది. కర్రిగాడు కుయ్యిమన్నాడు. పొట్టేలు బెదిరింది.

"అల్లుడా, విప్పు జర," అన్నాడు మామ.

"స్పానర్‌తోని రాదు మామా, రంపం కావాలె."

"తే మరి."

"కాజీపేటల ఉన్నది."

మామ నన్ను చూసిన చూపును నేను ఇప్పటికీ కొన్ని పూటల అన్నం ముందు గుర్తుచేసుకుంటాను. అన్నం తక్కువ తింటాను, ఒంటికి మంచిదే.

ఈలోపు రెండూ పరుగు తీశాయి. కర్రిగాడు ఇంటివైపు, పొట్టేలు చేనువైపు. ఎవరి బలం వాళ్లు చూపించగా, రెండిటికీ మధ్యన పడే దారి ఖాయమైంది. ఆ దారిలో ఎంకటమ్మ మిర్చి కల్లం ఉంది. యేడంతా కష్టపడి పండించి, ఏరి, ఎర్రగా ఆరబోసుకున్న కల్లం. పొట్టేలు వెనకాల మంద, మంద వెనకాల మామ, మామ వెనకాల నేను. అందరం అందులోంచే పోయాం.

గొర్రె తుమ్మడం మీరెప్పుడైనా విన్నారా? ఒకటి తుమ్మితే దగ్గినట్టు ఉంటుంది. మంద మొత్తం తుమ్మితే షెడ్డులో ఆవిరి వదిలినట్టు ఉంటుంది. ఎర్రటి ఘాటు పైకి లేచింది. ఇళ్లలో ఉన్నవాళ్లు తుమ్ములతోనే బయటికి వచ్చారు. కల్లం నడుమ కర్రిగాడూ పొట్టేలూ ఆగిపోయారు. ఒకరు తుమ్మితే రెండోవాళ్లు ఊగుతున్నారు.

ఎంకటమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చింది.

"ఓ రైలల్లుడా, ఇది కల్లమనుకున్నవా, టేషననుకున్నవా?"

"తప్పైంది అత్తా."

"తప్పు గాదు, తొక్కుడైంది. ఎవలు ఏరుతరు ఇదంత?"

తుమ్ముల మధ్య పూలమ్మ ఒక్కతే పని చేసింది. ఇంట్లోంచి బొచ్చు కత్తెర తెచ్చి, పొట్టేలు మెడ పట్టుకొని, ఒక పక్క బొచ్చు కత్తిరించి రెండిటినీ విడదీసింది. పొట్టేలుకు ఒక వైపు చలికాలం, ఇంకో వైపు ఎండాకాలం వచ్చింది. కర్రిగాడు మెడ చుట్టూ బొచ్చు ముద్దతో సింహంలా ఇంటికి ఉరికి, ధాన్యం గుమ్మి వెనక దూరాడు.

నేను సైకిలు మీద మరిపెడ పోయి, లారీలు బాగుచేసే షాపులో రంపపు బ్లేడు అడిగి తెచ్చి పట్టా కోశాను. కోస్తున్నంతసేపూ కర్రిగాడు నా మొహం చూడలేదు. పట్టా ఊడినా బయటికి రాలేదు. మామ పిలిచాడు, పూలమ్మ సంగటి ముద్ద పెట్టింది. వాడు గుమ్మి వెనకనుంచి కదల్లేదు. గొర్రె అరుపు వినిపిస్తే చాలు, ఇంకా లోపలికి జరుగుతున్నాడు.

నవ్వులాట అక్కడితో ఆగిపోయింది. పులి చంపకుండానే కుక్క పోయింది. పోగొట్టింది నేను.

"అంగడికి పోయి కొనేటోళ్లెవలన్న ఉన్నరేమో చూసొస్త," అన్నాడు మామ మెల్లగా.

"ఆగు మామా. వాడు లేచేదాక నేనుంట దొడ్డికాడ."

"కుక్క పని నువ్వు చేస్తవా?"

"చేస్త."

మామ నవ్వలేదు. ఆ రోజు మామ నవ్వి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

పగలు ఎంకటమ్మ కల్లంలో కూర్చొని, ఆడవాళ్లతో పాటు మట్టిలోంచి మిర్చి ఏరేవాణ్ణి. మంచి కాయ ఒక పక్క, తెల్లబడ్డ తాలు కాయ ఒక పక్క, కళ్లనీళ్లు అన్ని పక్కలా. "మంచిగ ఏరు రైలల్లుడా, వీటికి కొక్కేలు లేవు," అనేది ఎంకటమ్మ. పొద్దు వాలేసరికి కర్రా రేకు డబ్బా పట్టుకొని దొడ్డి దగ్గర కూర్చునేవాణ్ణి. లీవు అయిపోయింది. నేను కదల్లేదు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, దొడ్డి ఎదురుగా ఉన్న బండ మీదికి చిరుత వచ్చి కూర్చుంది. రేషన్ షాపు ముందు కూర్చున్నంత ఓపికగా కూర్చుంది. నా చేతిలో డబ్బా ఉంది. చెయ్యి లేవలేదు. అరుద్దామని నోరు తెరిచాను. మనిషి మాట ఒక్కటీ రాలేదు. నమ్మండి, నమ్మకపోండి, మొరిగాను.

అది కూడా సరిగ్గా రాలేదు. నూనె లేని చక్రంలా కీచుమంది. పులి తల ఒక పక్కకు వంచి నన్ను చూసింది. ఇంకోసారి మొరిగాను. అప్పుడు వెనక ఇంట్లోంచి దడదడమని చప్పుడు. కర్రిగాడు. భయం పోయి వచ్చాడో, తన పని ఇంత అధ్వానంగా జరుగుతుంటే చూడలేక వచ్చాడో నాకు తెలియదు. నన్ను దాటుకొని ముందు నిలబడి, మొరగడమంటే ఏమిటో చూపించాడు. ఆ మొరుగుకు మామ, ఊరివాళ్లు కర్రలతో వచ్చారు. డబ్బాలు మోగాయి. చిరుత లేచి, ఒళ్లు విరుచుకొని గుట్టెక్కి పోయింది. ఎండలు ముదిరాక పాకాల అడవి దిక్కు పోయిందని చెప్పుకున్నారు. మామ అంగడికి పోలేదు.

"ముందుగాల మొరిగిందెవలు అల్లుడా?" అన్నాడు మామ. "మా కుక్క గట్ల మొరగది."

"నేను నక్క వచ్చిందనుకున్న," అంది పూలమ్మ.

షెడ్డుకు తిరిగి పోతే ఫోర్‌మన్ నిలబెట్టాడు.

"లీవు అయిపోయినంక గూడ యాడున్నవయ్యా?"

"డ్యూటీల ఉన్న సార్. బదులోడు రాకముందు డ్యూటీ దిగొద్దు గద."

"ఏం డ్యూటీ?"

"గొర్ల దొడ్డికాడ కుక్క డ్యూటీ సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పుడు కుక్క డ్యూటీ ఎక్కిందా?"

"ఎక్కింది సార్."

"అయితే నువ్వు దిగు. పోయి ఆ ఇంజన్ చూడు."

ఆ ఇంజన్ సాక్షిగా నేను ప్రమాణం చేశాను. విప్పడం చేతకానిదాన్ని బిగించను. పట్టుకుంటే వదలని వస్తువును ఏ ప్రాణి మెడకూ కట్టను. భార్య అడిగిన ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు బస్సెక్కను.

తర్వాతి నెల తోలుతో ఇంకో పట్టా చేశాను. మేకులు నిటారుగా, పొట్టిగా పెట్టాను. చిన్న పిల్లలు కూడా విప్పగలిగే బకిల్ కుట్టించాను. ఈసారి కర్రిగాడి మెడకు కట్టే ముందు నా మెడకే కట్టుకొని, మంద మధ్యకు పోయి, పెద్ద పొట్టేలుకు రెండు పక్కలా మెడ రాసి చూశాను. బొచ్చు ఒక్క పోగైనా చిక్కలేదు. తడిక దగ్గర నిలబడి చూస్తున్న పూలమ్మ అంది: "మంచిగనే ఉన్నది. తీయకు, ఉండనియ్."

నేను తీసి, కర్రిగాడి ముందు కూర్చొని, వాడు మెడ తనంతట తాను ముందుకు చాచేదాకా ఆగి, అప్పుడు కట్టాను.