బోర్డు దగ్గర పందెం

ఎనభైల్లో, గురజాల దగ్గర మా ఊరి హైస్కూల్లో, మగపిల్లాడూ ఆడపిల్లా పక్కపక్కన నిలబడగలిగే చోటు ఒక్కటే ఉండేది. నల్లబోర్డు. లెక్కల మాస్టారు ఇద్దర్ని పిలిచి, చెరోపక్క ఒకే లెక్క ఇచ్చి పందెం పెట్టేవారు. ఆడపిల్లల్లో లెక్కల్లో ఎప్పుడూ ముందుండే ఒక పిల్ల ఉండేది; ఆమెకు పోటీగా రోజూ లేచేవాణ్ణి నేనే.

అంతకుముందు లెక్కలంటే నాకు ఒళ్ళుమంట. తొమ్మిదో తరగతిలో ఆమె వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాక, తెల్లారకముందే లేచి లెక్కలు చేయడం మొదలుపెట్టాను. మా నాన్న మురిసిపోయి, మిరపచేలో కనపడ్డవాళ్ళందరికీ మావాడు ఇంజనీరవుతాడని చెప్పేశాడు. ఆయనకు అంత ఆశ పుట్టించింది ఓ పిల్ల రెండు జడలని నేనెట్లా చెప్పను?

ఆమెది ఊళ్ళో పెద్ద రైతు కుటుంబం. వాళ్ళ బాబాయి మాటకు పంచాయతీలో తిరుగులేదు. పదో తరగతి పరీక్షల ముందు ఎవడో ఆయన చెవిలో మా సంగతి ఊదాడు. నిజానికి బోర్డు దగ్గర తప్ప మేం ఎక్కడా కలిసింది లేదు. ఆయన నేరుగా క్లాసులోకే వచ్చాడు.

"చదివింది చాల్లే, ఇంటికి నడువు. ఆ పిల్లోడితో రోజూ బోర్డు కాడ ఏందే నీకు పని?"

ఆమె తల దించకుండా లేచింది.

"లెక్కల్లో నన్ను ఓడించగలిగినోడు ఈ క్లాసులో అతనొక్కడే, బాబాయ్. అందుకే అతనితో పోటీ పడతా. నీ ముందే చేస్తాం, చూడు. అతను నన్ను ఓడించలేకపోతే నేనే ఇంటికొస్తా."

తన చదువంతా తెచ్చి నా చేతిలో పెట్టేసింది! మాస్టారు లెక్క ఇచ్చారు. నా చేతిలోంచి జారి చాక్‌పీసు కిందపడి పొడైంది. ఆమె తన చాక్‌పీసు విరిచి, సగం నాకిచ్చింది. బాబాయి కళ్ళెదుటే. అంత ధైర్యం నేను మళ్ళీ ఏ మనిషిలోనూ చూడలేదు. ఆ తర్వాత నాకు లెక్క తప్ప ఇంకేమీ కనపడలేదు.

నేనే ముందు ముగించాను. జవాబు సరిగ్గా ఉందన్నారు మాస్టారు. ఓడిపోతే మూడు రోజులు మూతి ముడుచుకునే ఆ పిల్ల, వెలిగిపోతున్న ముఖంతో బాబాయి వైపు తిరిగింది.

"చూశావా?"

ఆయన బోర్డు మీద రెండు లెక్కలూ చూశాడు. "పరీక్షలు రాయనీండి మాస్టారూ," అని వెళ్ళిపోయాడు.

తన బెంచీకి పోతూ ఆమె నా ముందు ఒక్క క్షణం ఆగింది.

"రేపు నీ పని చెప్తా," అంది.

ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అదే.