బాసింపట్టు దండయాత్ర

మెల్‌బోర్న్‌లో మాజీ సైనికుల పునరావాస కేంద్రంలో దిగాను. ఉదయం ఏడు. పళ్ళు ఊడగొట్టే చలి. వెంట తెచ్చిన సామగ్రి: తువ్వాలు ఒకటి, చెడ్డీ ఒకటి, మోకాళ్ళు రెండు. ఆ రెండూ ఆస్ట్రేలియా సైన్యంలో ట్రక్కుల మీంచి దూకీ దూకీ అరిగినవే. వైద్యం సంగతి మాజీ సైనికుల కార్డు చూసుకుంటుంది. నొప్పి సంగతి నేను చూసుకోవాలి.

లక్ష్యం స్పష్టం. నగర శివారు ట్రుగనీనాలో మా కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం. పీట మీద నేను బాసింపట్టు వేసి కూర్చోవాలి. లేదంటే మా బావమరిది దంపతులు కూర్చుంటారని మా ఆవిడ తేల్చేసింది. నా ఇల్లు, నా దేవుడు, పీట మీద బావమరిది! శత్రువు మన గడ్డ మీద జెండా పాతడమంటే ఇదే.

కమాండర్ మా ఫిజియో, వరంగల్ అమ్మాయి. నా భుజం దాకా రాదు. గొంతు మాత్రం శతఘ్ని. యుద్ధరంగం వేడినీళ్ళ కొలను. ఇడ్లీలు వేస్తే ఉడికేవి. సహచరులు ఇద్దరు తెల్లవాళ్ళు: వైర్‌లెస్ సెట్టు మోసిన ఒకప్పటి సిగ్నలర్, ఒకప్పటి ట్యాంకు డ్రైవర్. వాళ్ళ మోకాళ్ళు నావాటికి తాతలు.

"అంకుల్, మోకాలు వంగుతలేదా, మీరే వంచుతలేరా?"

"పై నుంచి ఆర్డర్ రాలేదంటోందమ్మా."

"నేనే ఇస్తున్న ఆర్డర్. వంచుండ్రి!"

సిగ్నలర్ పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, "లెఫ్ట్ లెగ్ టు రైట్ లెగ్, డూ యూ కాపీ? ఓవర్" అనేవాడు.

"నెగటివ్, మేట్. తుప్పు పట్టింది" అని ట్యాంకు డ్రైవర్ తన కాలి తరఫున జవాబిచ్చేవాడు. మా నవ్వులకు కొలను పొంగి, పక్క పేట దాకా వరద పోయేది.

ఆరో వారం, చాప మీద బాసింపట్టు పడింది. అక్కడికక్కడే విజయం ప్రకటించాను.

"ఇగ లేవుడు నేర్చుకుందాం" అంది ఫిజియో.

"కూర్చున్నవాడు లేవడా తల్లీ? అదీ ఒక విద్యేనా!" అని డిశ్చార్జి పుచ్చుకుని ఇంటికొచ్చేశాను.

వ్రతానికి కమాండర్‌తో సహా దళమంతా హాజరు. నన్ను చూసి సహచరులిద్దరూ కుర్చీలు వద్దని నేల మీదే చతికిలబడ్డారు. అయిదు కథలూ అయ్యేదాకా కొండలా కూర్చున్నాను. గోడకానుకున్న బావమరిది నా మోకాళ్ళ వంకే చూస్తున్నాడు, రాజీనామా ఎప్పుడిస్తాయా అని.

"హారతి. అందరూ లేవండి" అన్నారు పంతులుగారు.

నా కాళ్ళు లేవలేదు. గంట మోగుతోంది. కర్పూరం తరుగుతోంది.

"ఏమండీ, లేవండీ" అంది మా ఆవిడ పళ్ళ బిగువున.

"తిమ్మిరి సైన్యం చుట్టుముట్టిందే!"

"బావా, పోనీ హారతి నేనివ్వనా?" బావమరిది ఒకడుగు ముందుకేశాడు.

వెనకనుంచి శతఘ్ని పేలింది. "అంకుల్! ఒక్క మోకాలు నేలకు ఆన్చుండ్రి. రెండో పాదం ముందుకు. ఆంటీ, భుజం ఇయ్యుండ్రి. ఇగ లేవుండ్రి!"

లేచాను. హారతి పళ్ళెం మా ఇద్దరి చేతుల్లోనే తిరిగింది. బావమరిది గంట అందుకున్నాడు. గట్టిగానే మోగించాడు, పాపం.

అప్పుడు వెనక్కి చూశాను. ఆ దృశ్యం నన్నింకా వదల్లేదు. బట్టతలల నిండా అక్షింతలు, దోసిళ్ళ నిండా ప్రసాదం, వీపుకి వీపు ఆనించి రెండు మహాకాయాలు నేల మీదే ఉన్నాయి. లేవలేక, నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాయి. చున్నీ నడుముకు బిగించి ఫిజియో వాళ్ళవైపు నడుస్తోంది.