పుట్టని మనుమల మీద కుళ్లు

ఫాల్గుణ మాసం, ఆదివారం మధ్యాహ్నం. వనపర్తిలో మా ఇంటి డాబా మీద ఉన్నవాళ్లు: నేను, నా భార్య, గద్వాల నుంచి వచ్చిన మనుమరాలు శ్రావణి. ఉద్యోగం వదిలినా డైరీ అలవాటు వదలలేదు; ఏది రాసినా ఇట్లాగే మొదలవుతుంది. గోపాల్‌పేట దగ్గర మా చేనుగట్టు మీది చెట్టు నుంచి రాలగొట్టిన కొత్త చింతపండు ఎండకు మెత్తబడి, తియ్యగా పుల్లగా వాసన కొడుతోంది. నా భార్య పెంకు తీస్తోంది, నేను గింజ కొడుతున్నాను, ఐదో నెల కడుపుతో ఉన్న శ్రావణి మేము తీసింది తీసినట్టే నోట్లో వేసుకుంటోంది.

ఆ చెట్టును మా తాత నాటినప్పుడు నాకు ఏడేళ్లు. అప్పటికే గట్టు మీద రెండు పెద్ద చింతలు ఉండేవి. ఎండలు ముదిరేవేళ లేత చిగురు దూసుకొస్తే అవ్వ పప్పులో వేసేది. పండు కొట్టే రోజుల్లో ఇల్లంతా పులుపు వాసనే. వేయించిన గింజలను బుగ్గన పెట్టుకుని సాయంత్రం దాకా నాననిచ్చి నమిలేవాళ్లం, చీల్చిన గింజలతో పచ్చీసు ఆడేవాళ్లం. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని తాత గొంగడిలో దూరేవాణ్ని. ఉన్ని వాసన, బీడీ వాసన కలిసిన ఆ కాస్త చోటు నాదే అనుకునేవాణ్ని.

మొక్క వచ్చాక తాత నాకు దక్కలేదు. పాత కుండ అడుగున సన్నని చిల్లు పొడిచి, అందులో గుడ్డపేలిక దూర్చి, మొక్క పక్కన పాతి పొద్దున్నే నింపేవాడు. నీళ్లు బొట్టుబొట్టుగా వేరుకు దిగేవి. మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప వేశాడు. ఆ ఏడు వానల్లేక బావి అడుగంటింది. మా స్నానాలు తగ్గాయి గానీ ఆ కుండ ఏనాడూ ఎండలేదు. నా కాలికి ముల్లు గుచ్చుకుంటే "నువ్వే తీసుకోరా" అనే మనిషి, మొక్కకు ఒక్క ఆకు వాడితే పరేషానయ్యేవాడు.

"గిది ఎప్పుడు కాస్తది తాతా?" అని ఒకనాడు అడిగాను.

"నేను పోయినంక. నీ మనుమలు తింటరు తియ్."

"వాళ్లు నీకు తెల్సా?"

"ఏడ తెల్సు! ఇంక పుట్టనే లేదు గదరా."

"మరి నేను పుట్టిన గద!"

తాత కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "జూడుండ్రి, ఈడు ఈని మనుమల మీదనే కుళ్లుకుంటుండు!" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. ఇక ఊళ్లో ఆడవాళ్లు నన్ను చూస్తే చాలు, "ఏం తాతా, నీ మనుమలు మంచిగున్నరా?" అని ఆటపట్టించేవాళ్లు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముఖం కూడా లేని ఆ పిల్లలు గొంగడిలో నా చోటు లాక్కున్నట్టే ఉండేది.

డాబా మీద ఇదంతా చెబితే శ్రావణి, "అయితే ఆ తాత నాకోసమే పెట్టిండన్నట్టు," అని ఇంకో పండు అందుకుంది. ఈ వయసులోనూ లోపల చురుక్కుమంది. రోజూ కళ్లముందు తిరిగిన నన్ను కాదని, ఎన్నడూ చూడని ఈమెకు ఆయన నీళ్లు పోశాడు. పెద్ద చింతలు రోడ్డు వెడల్పులో పోయాయి, బావి పూడిపోయింది, కుండ పాతి మొక్కను సాకే ఓపిక ఇప్పుడు మా ఊళ్లో ఎవరికీ లేదు. ఆమె వాటా మాత్రం ఆమెకు అందింది.

మరునాడు పొద్దున గద్వాల బస్సు ఎక్కించడానికి వెళ్లాను. బస్టాండులో కూర్చున్నంతసేపూ, కుదుపుల్లో కడుపు పదిలమని, లోపలి బిడ్డకు ఎండ తగలనీయొద్దని, కాన్పు నాటికి వాళ్ల బోరులో నీళ్లుంటాయో లేదో కనుక్కోమని చెబుతూనే ఉన్నాను. శ్రావణి మూతి ముడిచింది.

"అందరు లోపలోళ్ల ముచ్చటనే తాతా. రాత్రంత నడుము నొచ్చి నాకు నిద్ర లేదు. ఒక్కరన్న అడిగిండ్రా?"

లేచి వెళ్లి, ఎదుటి బండి మీద వేడి మిర్చీ బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చాను.

"ఇవి నీయి బిడ్డా. నీ ఒక్కదానియే."

నాకు ఒక్కటి కూడా ఇవ్వకుండా అన్నీ తినేసింది. నొప్పి ఎక్కడని అడిగాను. బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉంది.