నలభై మూడు మిల్లీమీటర్లు

మహాజనులకు, మరీ ముఖ్యంగా మన తెలుగు సంఘం పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే ఆ ముగ్గురికీ, ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. ఈ వ్యాసంలో కాలిక్యులస్ ఉంది. స్టాటిస్టిక్స్ ఉంది. మెకానిక్స్ కూడా కొంచెం తగులుతుంది. గుండె జబ్బు ఉన్నవారు, పిల్లలకి లెక్కల్లో మార్కులు తగ్గిన తల్లిదండ్రులు ఇక్కడే పేజీ తిప్పేసి వంటల శీర్షికకి వెళ్ళిపోవచ్చు. ఇంత బరువైన పని నాలాంటి తేలిక మనిషికి అప్పగించినందుకు సంపాదకులు కూడా మీకు క్షమాపణ చెప్పుకుంటున్నారని నా నమ్మకం. వారింకా ఆ మాట నోటితో అనలేదు.

మన లెక్కల మాస్టారు పోయారు. మూడు వారాల కిందట, ఊరికి ఆ చివర మోవాలో బావమరిదిగారి ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నవారు మళ్ళీ లేవలేదు. కబురు శ్రీను చెప్పాడు. వాడూ నేనూ మాస్టారి దగ్గర ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళం.

"ఒరే, మాస్టారు ఎల్పోయార్రా."

"ఎక్కడికి?" అన్నాను. జోకు కాదు. ఆయన నాకు చెప్పకుండా ఎక్కడికైనా వెళతారని నిజంగానే తోచలేదు.

శ్మశానంలో పెద్దలు ఆయన్ని బాగానే తలుచుకున్నారు. ఓపిక అన్నారు, క్రమశిక్షణ అన్నారు. చివరికి ఎవరో ఒకరు, "పాపం, కాలనీ పిల్లలందరి లెక్కలూ దిద్దారు గానీ సొంత గోడ లెక్క తప్పారు" అన్నారు. నలుగురూ తలలూపి నవ్వుకున్నారు. చితి పక్కన కూడా నవ్వు తెప్పించగల మాట అది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే.

తెలియనివారి కోసం చెబుతాను. మాస్టారిది శ్రీకాకుళం వైపు. ఉద్యోగం మన ఈ హిందీ ఊళ్ళో, రైల్వేలో, వంతెనల బొమ్మలు గీసే ఆఫీసులో. రిటైరయ్యాక కాలనీ దాటగానే, గూడ్సు లైను పక్కన ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకుని పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకి లెక్కలు చెప్పేవారు. ముందుగదిలో గోడకే నల్లరంగు పూసి బోర్డు చేసుకున్నారు. మా బ్యాచ్‌లో ఎనిమిదిమందిమి ఆ గోడకి ఎదురుగా చాపల మీద కూర్చునేవాళ్ళం.

ఆయన దగ్గర చేరిన రోజున పుస్తకం ఆయన చేతికివ్వాలి. గడ్డం గీసుకునే బ్లేడుతో వెనకాల ఉన్న జవాబుల పేజీలన్నీ కుట్టు దాకా కోసేసేవారు. దారంతో కట్టి, పైన పేరు రాసి, మంచం కింద రేకుపెట్టెలో పడేసేవారు. బోర్డు పరీక్షలయ్యాక ఎవరి జవాబులు వాళ్ళు పట్టుకెళ్ళొచ్చు.

"మరి చేసింది రైటో కాదో ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని మొదటిరోజే అడిగాను.

"నువ్వు చేసిందాన్ని నువ్వు నమ్ముతున్నావా?"

"లేదండీ."

"అయితే మళ్ళీ చెయ్యి."

"నమ్మితేనండీ?"

"నమ్మితే ఇంకోసారి చెయ్యి."

జవాబు ముందే తెలిస్తే మనిషి లెక్క చెయ్యడు, చేస్తున్నట్టు నటిస్తాడు అనేవారు. మా సంగతి ఆయనకి బాగా తెలుసు మరి. మా స్కూలు ల్యాబులో లోలకం ప్రయోగానికి లోలకంతో పనుండేది కాదు. చివరికి g విలువ 980 రావాలని అందరికీ తెలుసు. అక్కణ్ణించి వెనక్కి నడుచుకుంటూ రీడింగులు రాసుకునేవాళ్ళం. మరీ 980 వస్తే అనుమానిస్తారని 978 తెప్పించేవాళ్ళం. ఈ విద్యలో నేను కాలనీకే పేరు తెచ్చాను. అక్కయ్యలూ అన్నయ్యలూ కూడా నా చేత రీడింగులు వండించుకునేవారు.

ఇక గోడ. జనవరిలో ముందుగా చూసింది అత్తయ్యగారు, అంటే మాస్టారి భార్య.

"ఏటండీ, ఈ గోడ ముందుకొస్తంది."

"ఎంత?"

"ఎంతేటి, వస్తంది అంటంటే!"

"ఎంతో చెప్పకుండా వస్తోందంటే ఎలాగే?"

మర్నాటికి బోర్డు పక్కన, పైకప్పుకి దగ్గరగా ఒక మేకు, మేకుకి దారం, దారం చివర ఆయన ఉద్యోగం నాటి ఇత్తడి గుండు. దారం నిలువుగా వేలాడుతుంది, గోడ వాలుతుంది. నేల దగ్గర రెండిటికీ మధ్య సందు ఎంతో కొలిస్తే గోడ ఎంత ముందుకొచ్చిందో తెలుస్తుంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఒకరి వంతు. వంతు ఉన్నవాడు ఒంటరిగా వచ్చి, స్టీలు స్కేలుతో అయిదుసార్లు కొలిచి, సగటు కట్టి, గోడకి అంటించిన గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి పోవాలి. పేరు రాయకూడదు. కొలతకి పేరుండదు అనేవారు మాస్టారు.

ఇంటాయన ఒకసారి వచ్చి ఆ గుండుని వేలితో ఊపి చూసి, "కుఛూ నహీ హోవయ్ గురూజీ, ఏమీ కాదు, మా తాత కట్టించిన గోడ" అన్నాడు.

"వహీ తో డర్ హై భాయీ," అన్నారు మాస్టారు. అదేగా నా భయం అని.

అది మట్టితో పేర్చిన ఇటుక గోడ. కింద నల్లమట్టి. ఎండలు ముదిరేకొద్దీ ఆ మట్టి బీటలు తీసి కుంగిపోతుంది, వాన పడగానే ఉబ్బుతుంది. ఇదంతా మాస్టారు మాకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు. బొమ్మ ఏ గోడ గురించో, గీసింది ఆ గోడ మీదే. గరిమనాభి ఇంకా పునాది లోపలే ఉంది, కాబట్టి గోడ నిలబడుతుంది అన్నారు. సుద్దముక్క కింద పెట్టి, "అంటే, లెక్కలో" అన్నారు.

గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా గుండు వణికేది. ఎనిమిది పెన్నులూ ఆగిపోయేవి. మాస్టారూ ఆగేవారు. గుండు మళ్ళీ నిలబడ్డాక, ఎవరూ ఏమీ అననట్టే లెక్క సాగేది. కొన్నాళ్ళకి బండి దూరంగా కూత వేస్తేనే మా చూపులు దారం మీదికి పోయేవి.

జూన్ వచ్చేసరికి వరుసగా నాలుగు ఆదివారాల చుక్కలు ఇవి: ముప్ఫై ఒకటి, ముప్ఫై మూడు, ముప్ఫై ఆరు, నలభై. మాస్టారు వాటి మధ్య తేడాలు రాయించారు. రెండు, మూడు, నాలుగు.

"పెరగడం భయం కాదర్రా. పెరగడం పెరుగుతోందా, అది చూడండి. సెకండ్ డెరివేటివ్ అంటే అదే. పరీక్షలో అయిదు మార్కులు. ఇక్కడ ఎన్నో తెలీదు."

లోపలి నుంచి అత్తయ్యగారు వచ్చారు. "మోవాలో మా తమ్ముడింట్లో ముందుగది ఖాళీగా ఉంది. గోడ మీద పడితే గానీ కదలరా?"

"వచ్చే ఆదివారం తేడా నాలుగు దాటితే సోమవారం సామాను కట్టేద్దాం. తగ్గితే వానలయ్యాక చూద్దాం."

"మాటేనా?"

"లెక్క."

ఆవిడ వెళ్ళి రేకుపెట్టె మంచం కింద నుంచి బయటికి లాగి, సగం సర్దేసినట్టు గుమ్మం దగ్గర పెట్టుకున్నారు.

బయటికొచ్చాక శ్రీను తల పట్టుకున్నాడు. "మోవా అంటే ఈ ఎండలో రోజూ సైకిలు తొక్కాల్రా. చచ్చిపోతాం."

"దార్లో పండరీ బట్టల బజారు తగులుతుంది కదా. ఆగి తెల్లబట్ట కొనుక్కుని పోదాం," అన్నాను నేను. ఎనిమిదిమందీ నవ్వారు. అంటే ఏడుగురూ నవ్వారు, నేను గంభీరంగా ఉన్నాను. నా పద్ధతి అది.

ఆ ఆదివారం చుక్క నలభై మూడు దగ్గర పడింది. తేడా మూడు. పెరుగుదల తగ్గింది.

సోమవారం మాస్టారు ఆ కాగితం ముందు చాలాసేపు నిలబడ్డారు. కింద రాసిన అయిదు కొలతలూ చూశారు. నలభై మూడు, నలభై మూడు, నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు. "ఎంత అందంగా ఉందిరా," అన్నారు. "మనిషి చెయ్యి వణుకుతుంది, దారం వణుకుతుంది. వణుకు లేని కొలతలో మనిషి ఉండడు" అన్నారు. ఎవరి వంతో అడగలేదు. అత్తయ్యగారు రేకుపెట్టెను కాలితో మళ్ళీ మంచం కిందికి తోసేశారు.

బుధవారం మధ్యాహ్నం మొదటి వాన పడింది. ఊరంతా సంబరం. నాలుగింటికి మేం వెళ్ళేసరికి వాన వెలిసింది. మాస్టారు చాపలు వరండాలో వేయించారు. లోపల ఉక్కగా ఉందన్నారు. అత్తయ్యగారిని పక్కింటికి పంపేశారు. మాకు ఒక లెక్క ఇచ్చారు. గోడకి ఆనించిన నిచ్చెన కింది కొస జారుతోంది, పై కొస ఎంత వేగంతో దిగుతుంది? ఇచ్చి, స్కేలు పట్టుకుని లోపలికి వెళ్ళారు.

కొలుస్తూ పైకి చదువుకోవడం ఆయన అలవాటు.

"నలభై తొమ్మిది."

శ్రీను నా వైపు తిరిగాడు. "మూడ్రోజుల్లో ఆరా?" అని గుసగుసలాడాడు. నేను నిచ్చెన బొమ్మ గీస్తున్నాను. పై కొస ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

దూరంగా గూడ్సు కూత వినబడింది.

"యాభై."

మూడో కొలత వినబడలేదు. చప్పుడు కూడా పెద్దగా ఏమీ లేదు, బస్తా దింపినట్టు అంతే. తర్వాత గుమ్మంలోంచి తెల్లటి దుమ్ము నెమ్మదిగా వరండాలోకి వచ్చి మా నోటుబుక్కుల మీద కూర్చుంది.

ఎనిమిదిమందిమీ ఇటుకలు లాగాం. నల్లరంగు పెచ్చుల మీద నిన్నటి పాఠం ముక్కలు ముక్కలుగా ఉంది. నా చేతికి ఇంటెగ్రల్ గుర్తు పై సగం వచ్చింది. మాస్టారు ప్రాణంతోనే ఉన్నారు. ఎడమ మోకాలు మాత్రం మరి సరికాలేదు.

ఆసుపత్రికి చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పారు. "నా లెక్క తప్పిందండీ." ఇంటాయన కాళ్ళు పట్టుకుని ఏడిస్తే ఆయనకీ అదే చెప్పారు. గోడ లెక్క తెలియని మాస్టారు మన పిల్లలకేం చెబుతారని ఆ ఏడే ఇద్దరు తండ్రులు తమ పిల్లల్ని మానిపించారు. తర్వాత కొత్త బ్యాచ్ రాలేదు.

మోవాకి మారారు. మేం మిగిలినవాళ్ళం ఆ ఏడంతా సైకిళ్ళు తొక్కాం. ఆయన ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో సుద్దముక్క పట్టుకుని నిలబడి మమ్మల్ని పాసు చేయించారు. నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు చూసి మా నాన్నే నమ్మలేదు.

"మాస్టారు గోడని కొలవబోతే గోడే మాస్టారిని కొలిచింది." కాలనీలో అందరికీ తెలిసిన ఈ జోకు కర్త ఎవరని మీరు అడగలేదు గనక చెబుతున్నాను, నేనే. కాలేజీలో కూడా చెప్పాను. బాగా పేలేది. ఒకసారి మోవాలో ఎవరో ఆయన ఎదుటే అనేశారు. మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వారు. నవ్వి, నా వైపు చూశారు. గూడ్సు వెళ్ళాక గుండు నిలబడ్డానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూశారు.

మాస్టారి పన్నెండో రోజున అత్తయ్యగారు నన్ను పిలిచారు. "అందరూ పట్టుకుపోనారు. నీ జవాబులొక్కటే ఉండిపోనాయి పెట్టిలో. ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదేటిరా నువ్వు?"

కట్ట విప్పాను. జవాబుల పేజీల మధ్య ఆ గ్రాఫు కాగితం, కూలిన గోడ మట్టి మరకలతోనే, మడత పెట్టి ఉంది. నలభై మూడు చుక్క చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. పక్కన ఆయన చేతిరాత: "మళ్ళీ కొలవాలి." కింద ఆ బుధవారం తేదీ. కాగితం మీద ఎవరి పేరూ లేదు. నా కట్టలో ఉంది, అంతే.

ఇత్తడి గుండు కూడా అడిగి తెచ్చుకున్నాను. నా గది కిటికీకి వేలాడదీశాను. ఇక్కడికి రైలు లైను దగ్గర కాదు. అయినా వణుకుతుంది.

ఆ ఆదివారం వంతు నాది. బద్ధకించి కొలవకుండా రాసేశాననుకుంటారేమో. కాదు. కొలిచాను. అయిదుసార్లు కొలిచాను. నలభై ఆరు వచ్చింది. మోవా దాకా సైకిలు తొక్కలేక నలభై మూడు అని రాశాను.